రాయమని నువ్వు చెప్పావా?

నేను హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. రాత్రి షిఫ్టు. మాకు అప్పగించిన కంపెనీ షికాగోలో ఉండేది. దాని ల్యాప్‌టాపులు వేలల్లో ఉంటే, అందులో ఓ నలభై మాట వినడం మానేశాయి. అందరికీ చేరిన సెక్యూరిటీ అప్‌డేట్ వాటికి మాత్రం చేరదు. సున్నా శాతం అని చూపించి అక్కడే కూర్చుంటాయి.

మూడు రాత్రులు నాకొచ్చిన విద్యలన్నీ ప్రదర్శించాను. సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టాను. క్యాష్ తుడిచాను. ఏజెంటును పీకేసి మళ్లీ ఎక్కించాను. ఒక మెషీన్‌నైతే ఏకంగా మేనేజ్‌మెంట్ నుంచి తీసేసి కొత్తగా చేర్చాను. ఒక్కో ప్రయత్నానికీ ఫిర్యాదు టికెట్లో ఒక్కో వాక్యం రాసేవాణ్ని. వాక్యాలు పెరిగాయి, శాతం పెరగలేదు. నాలుగో రాత్రి మా షిఫ్టు లీడ్ తన కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. గుంటూరు వైపు ఆవిడ. కోపం రాదు, వచ్చినా గొంతు పెరగదు.

“లాగ్ ఏమంటోంది?”

“ఏమీ అనట్లేదు మేడమ్. వెయిటింగ్ అని ఒక్క లైను, అంతే.”

“రాయమని నువ్వు చెప్పావా?”

ఆ ప్రశ్న నాకు సగమే అర్థమైంది. లాగ్ అంటే తనంతట తాను అన్నీ రాసుకుపోయేది అనుకునేవాణ్ని. ఎంత రాయాలో దానికి ఎవరో చెప్పాలని, ఆ చెప్పేవాళ్లలో నేనూ ఉన్నానని అప్పటిదాకా తట్టలేదు.

ఈ రంగంలో లేనివారి కోసం రెండు ముక్కలు. ఆఫీసు మీకిచ్చిన ల్యాప్‌టాపులోనో, ఆఫీసు మెయిలు చూసుకునే మీ ఫోన్‌లోనో ఒక చిన్న ప్రోగ్రాం, అంటే ఏజెంటు (క్లయింటు అనీ అంటారు), కాపలా ఉంటుంది. ఏ అప్‌డేట్ వేయాలి, ఏ యాప్ ఉండకూడదు, ఫోన్ పోతే ఏం చెరిపేయాలి, ఇవన్నీ పైనుంచి దానికి ఆదేశాలుగా వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఈ పనికి 1994లో తెచ్చిన సాఫ్ట్‌వేరే పేర్లు మార్చుకుంటూ ఇప్పుడు కాన్ఫిగరేషన్ మేనేజర్‌గా ఉంది. ఇంట్యూన్ దానికి క్లౌడ్ తమ్ముడు. మ్యాకులున్న చోట జామ్ఫ్ ఎక్కువగా కనిపిస్తుంది. ఏదైతేనేం, ఆ కాపలా ప్రోగ్రాం తను చేసిందంతా ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాయే లాగ్. వెనకటి కిరాణా కొట్టు చిట్టా లాంటిదే. శెట్టిగారు ‘ఈరోజు అమ్మకం ఇంత’ అని ఒక్క పద్దు రాసి మూసేయొచ్చు. లేదా ఎవరికి ఎన్ని గంటలకు ఎంత కందిపప్పు, నగదా అప్పా అన్నీ రాయొచ్చు. కొట్టు ఒకటే, చిట్టా ఒకటే. ఎంత వివరంగా రాయాలన్నది మాత్రం కొట్టు యజమాని ఇష్టం.

ఈ ‘ఎంత’కి సాఫ్ట్‌వేర్లలో అంకెలుంటాయి. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ అనే ప్రోగ్రామర్ తను రాసిన సెండ్‌మెయిల్ అనే మెయిలు ప్రోగ్రాం కోసం సిస్‌లాగ్ అనే పద్ధతి పెట్టాడు. అది లోకమంతా పాకింది. అందులో 0 నుంచి 7 దాకా 8 మెట్లు. 0 అంటే కొంప మునిగింది, 7 అంటే చీమ చిటుక్కుమన్నా రాయి. కాన్ఫిగరేషన్ మేనేజర్ క్లయింటులో ఇది తలకిందులు. 0 పెడితే సమస్తం రాస్తుంది, 1 మామూలు, 3 పెడితే తప్పులు మాత్రమే. ఆ రాత్రి లీడ్ ప్రశ్న విని నేను ఉత్సాహంగా చేసిన మొదటి పని ఏమిటనుకుంటున్నారు? ఎక్కువ రాయాలి కదా, పెద్ద అంకె వేద్దామని 3 పెట్టాను. ఉన్న ఆ ఒక్క లైనూ పోయింది.

వ్యక్తిత్వ వికాసం పేజీలో ఈ గోలంతా ఎందుకని మీకు అనిపిస్తుంటే, నా మూడు రాత్రుల్ని మరోసారి చూడండి. చేతులు ఆడుతూనే ఉన్నాయి, చెవి ఒక్కసారీ పని చెయ్యలేదు. ఇబ్బంది వచ్చినప్పుడు మనలో చాలామందిమి ఇంతే. ఏదో ఒకటి మార్చేస్తే ఊరట. పిల్లాడికి లెక్కల్లో మార్కులు తగ్గితే ట్యూషన్ మారుస్తాం. నిద్ర పట్టకపోతే దిండు మారుస్తాం. ఆఫీసులో పడకపోతే ఆఫీసే మారుస్తాం. అసలేం జరుగుతోందో కాసేపు కదలకుండా కూర్చుని చూడటం మాత్రం మహా కష్టం, ఎందుకంటే చూస్తున్నంతసేపూ మనం ఏమీ చెయ్యనట్టే కనిపిస్తాం. లాగ్ స్థాయి పెంచి ఎదురుచూసే ఆ పది నిమిషాలు మేనేజరు కంటికి ఖాళీ సమయం. అలవాటు చేసుకోండి.

మొదటి మాట: తప్పు జరిగాక వివరం పెంచి లాభం లేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే ఏమొస్తుంది? నిన్న మధ్యాహ్నం ఫోన్‌లో మెయిలు ఆగిపోయిందని ఉద్యోగి ఫిర్యాదు చేస్తాడు. మీరు ఇవాళ పొద్దున డిటైల్డ్ లాగింగ్ ఆన్ చేస్తారు. వెనక్కి వెళ్లి నిన్నటి సంగతి రాయడం ఏ లాగ్ వల్లా కాదు. ఆన్ చెయ్యాలి, సర్వీసు ఒకసారి ఆపి మొదలుపెట్టమని ఆ సాఫ్ట్‌వేర్ కోరితే అదీ చెయ్యాలి, ఆపైన అదే తప్పు మీ కళ్లముందు మళ్లీ జరిగేలా చూడాలి. ఈ మూడో పనిని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఆన్ చేసి, ఐదు నిమిషాలాగి, ఫైలు తీసుకుని వెళ్లిపోతారు. అందులో వేల లైన్లుంటాయి, ఉండాల్సిన లైనే ఉండదు.

డాక్టర్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. గుండె అప్పుడప్పుడు దడదడలాడుతోందని మీరు వెళితే ఈసీజీ తీస్తారు. అది పట్టేది పది సెకన్ల గుండె చప్పుడు. ఆ పది సెకన్లూ గుండె బుద్ధిగా ఉంటుంది. అందుకని ఒంటికి హోల్టర్ కట్టి పంపిస్తారు. అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ 1940లలో దీని మొదటి రూపం తయారుచేసినప్పుడు దాదాపు 38 కిలోల మూట వీపున మోయాల్సి వచ్చేది. ఇప్పుడు జేబులో పడుతుంది. అది 24 గంటలో, 48 గంటలో ప్రతి చప్పుడూ రాస్తుంది. దానితో పాటు ఒక కాగితం కూడా ఇస్తారు. ఎన్నింటికి మెట్లెక్కారు, ఎన్నింటికి కాఫీ తాగారు, ఎన్నింటికి దడ అనిపించింది, మీ చేత్తో రాయాలి. ఆ కాగితం ఖాళీగా ఇచ్చేస్తే యంత్రం రాసిన లక్ష చప్పుళ్లలో ఏది దడో, ఏది మెట్లో తేల్చుకోవడం డాక్టరుకు కష్టమవుతుంది.

మీకూ ఆ కాగితం కావాలి. ఆన్ చేసిన సమయం, బటన్ నొక్కిన సమయం, తప్పు కనిపించిన సమయం, మూడూ సెకన్లతో సహా రాసుకోండి. నోట్‌ప్యాడ్ అక్కర్లేదు, అరచేతిలో రాసుకున్నా నేను ఏమనను. ఎవరి గడియారం ప్రకారం అన్నది కూడా రాయండి. కొన్ని లాగులు మెషీన్ ఉన్న ఊరి సమయం వేస్తాయి, కొన్ని ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం వేస్తాయి. హైదరాబాద్‌లో 11:10 అయితే యూటీసీలో 5:40. షికాగో ఉద్యోగి ఎండాకాలంలో ‘పొద్దున తొమ్మిదికి’ అంటే మనకు రాత్రి ఏడున్నర. నేను ఒకసారి మన పొద్దున తొమ్మిది దగ్గర గంటసేపు వెతికి, ఏమీ లేదని తేల్చి, ఆ ఉద్యోగి ఏదో ఊహించుకుంటున్నాడని టికెట్లో మర్యాదగా రాశాను. నిద్రపోతున్న ల్యాప్‌టాపులో తప్పు ఎక్కడ దొరుకుతుంది! మన దేశంలోనూ కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు తమ సిస్టంల గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతో సరిచూసుకోవాలని ఉంది. గడియారాలు కలవకపోతే రెండు చిట్టాల్ని పక్కపక్కన పెట్టి చదవలేం.

రెండో మాట, ఒక్క మెషీన్ చాలు. ఒక్క ప్రశ్న చాలు. ‘ఈ నలభైకీ ఏమైంది’ అన్నది ప్రశ్న కాదు, నిట్టూర్పు. ‘ఈ ల్యాప్‌టాపు ఫైలు కోసం ఎవర్ని అడిగింది, వాళ్లేమన్నారు’ అన్నది ప్రశ్న. అలా అడిగితేనే కాన్ఫిగరేషన్ మేనేజర్ రాసే బోలెడు లాగ్ ఫైళ్లలో దేన్ని తెరవాలో తెలుస్తుంది. చోటు వెతికే పనికి ఒక ఫైలు, దింపుకునే పనికి ఒకటి, ఇన్‌స్టాల్ చేసే పనికి ఇంకొకటి ఉంటాయి. విండోస్‌లో ఫోన్ల మాదిరి మేనేజ్‌మెంట్ వాడితే ఈవెంట్ వ్యూయర్‌లో డివైస్‌మేనేజ్‌మెంట్-ఎంటర్‌ప్రైజ్-డయాగ్నస్టిక్స్-ప్రొవైడర్ అని గూడ్సు రైలంత పేరుతో ఒక విభాగం ఉంటుంది. అందులో డీబగ్ చిట్టా మామూలుగా కనిపించదు కూడా. వ్యూ మెనూలోకి వెళ్లి చూపించమని అడగాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కంపెనీ పోర్టల్ యాప్ ఉంటే వెర్బోస్ లాగింగ్ అనే మీట సెట్టింగుల్లోనే ఉంటుంది. అది వేసి, తప్పును మళ్లీ జరిగేలా చేసి, లాగులు పంపితే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు మీ ఐటీవాళ్లకు ఇవ్వండి. ‘మీ యాప్ పనిచెయ్యట్లేదు’ అన్న పది మెయిళ్లకంటే ఆ ఒక్క నంబరు విలువ ఎక్కువ. ఐటీవాడిగా చెబుతున్నాను, అలాంటి ఉద్యోగిని మేం పేరుపెట్టి గుర్తుంచుకుంటాం.

ఇక చోటు సంగతి. లాగ్ ఫైలు అక్షయపాత్ర కాదు. కాన్ఫిగరేషన్ మేనేజర్ క్లయింటులో ఒక్కో ఫైలుకు మామూలుగా ఇచ్చే చోటు 2,50,000 బైట్లు, పాతది ఒక్క ప్రతి. అది నిండితే వెనకటిది చెరిగిపోతుంది. మామూలు స్థాయిలో రోజుల తరబడి సరిపోయే ఆ చోటు, సమస్తం రాయమన్నాక ఎంతోసేపు ఆగదు. స్థాయి పెంచేటప్పుడే సైజూ పెంచండి, తప్పు కనిపించగానే ఫైలు కాపీ తీసి పక్కన పెట్టండి. టీ తాగొచ్చి తీద్దాం అనుకోవద్దు. 2024 జనవరి 5న అమెరికాలో పోర్ట్‌లాండ్ నుంచి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి గాల్లో ఉండగా ఒక తలుపు ప్లగ్ ఊడిపోయింది. అందరూ ప్రాణాలతో దిగారు. దర్యాప్తువాళ్లకు మాత్రం కాక్‌పిట్‌లో మాటలు దొరకలేదు. ఆ రికార్డరు రెండు గంటలే దాచుకుంటుంది. దిగాక దాన్ని సకాలంలో ఎవరూ ఆపలేదు, కొత్త నిశ్శబ్దం పాత మాటల మీద రాసేసింది. అంతటి యంత్రాంగం ఉన్నచోటే ఇలా జరిగితే మన 2,50,000 బైట్లు ఏపాటి?

చదవడం అసలైన విద్య. నేను చూసినంతలో చాలామంది ఇక్కడే ఓడిపోతారు. వివరమంతా చేతికొచ్చాక అదే కొండలా కనిపిస్తుంది. సీఎంట్రేస్ అనే పనిముట్టులో ఫైలు తెరవగానే తప్పులు ఎర్రగా, హెచ్చరికలు పసుపుగా మెరుస్తాయి. కన్ను ఎరుపు మీదికే పోతుంది. ముఖ్యంగా చిట్టచివరి ఎరుపు మీదికి. దాన్ని కాపీ చేసి ఇంటర్నెట్‌లో వెతికి, ఎవరో ఎక్కడో రాసిన మందు తెచ్చి మన మెషీన్‌కి పట్టిస్తాం. చివరి ఎర్ర లైను సాధారణంగా ఏడుపు. దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియాలంటే పైకి నడవాలి. రాసుకున్న సమయం దగ్గర మొదలుపెట్టి, అన్నీ సవ్యంగా నడిచిన ఆఖరి లైను ఏదో పట్టుకోండి. దాని తర్వాత వచ్చిన మొదటి తేడా మీక్కావాల్సింది. అది ఎర్రగా ఉండకపోవచ్చు.

ఆ రాత్రి నా విషయంలో ఉండలేదు కూడా. అంకె సరిచేసి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టి, ఇద్దరం చదువుకుంటూ వెళ్లాం. ఎర్ర లైన్లు పాతిక చూశాం. “వీటిని వదిలేయ్” అన్నారు లీడ్. “బాగున్న మెషీన్ లాగ్ తెచ్చి పక్కన పెట్టు.” పెట్టాను. ఆ పాతిక ఎర్ర లైన్లలో ఇరవై బాగున్న మెషీన్‌లోనూ ఉన్నాయి! అవి ఎప్పటినుంచో ఉన్న దగ్గులూ తుమ్ములూ. ఇది ఎంత చెప్పినా తక్కువే: జబ్బు మెషీన్ చిట్టా ఒక్కటే చదివితే ప్రతిదీ రోగలక్షణంలా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నది ఎలా రాస్తుందో తెలిసినవాడికే తేడా తెలుస్తుంది. మంచి సీనియర్లు ఖాళీ ఉన్నప్పుడు, ఏ టికెట్టూ లేనప్పుడు, బాగున్న మెషీన్ల లాగులు చదువుతారు. ఇంటర్వ్యూల్లో దీన్ని ఎవరూ అడగరు, అడిగితే బాగుండును.

చివరికి దొరికిన లైను తెల్లగా, అమాయకంగా ఉంది. ల్యాప్‌టాపు అడిగింది: నేనున్న చోటికి దగ్గరలో ఫైలు ఎవరి దగ్గర దొరుకుతుంది? జవాబు వచ్చింది: జాబితా ఇదిగో, అందులో ఉన్నవి సున్నా. తప్పని ఎవరూ అనలేదు. అడిగినదానికి మర్యాదగా ఖాళీ జాబితా ఇచ్చారు. ల్యాప్‌టాపూ అంతే మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చుంది. సంగతేమిటంటే, ఏ నెట్‌వర్క్ చిరునామాలకు ఏ సర్వరు సరఫరా చెయ్యాలో కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ముందే గీతలు గీసి పెడతారు, ఏ వీధి కార్డులు ఏ రేషన్ షాపుకో రాసినట్టు. ముందు వారమే, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి అయిన వీపీఎన్‌కి కొత్త చిరునామాల వరస ఇచ్చారు. ఇంటి నుంచి పనిచేసే ఆ నలభై మందీ ఆ కొత్త వరసలో పడ్డారు. ఆ వీధిని ఏ షాపుకూ ఎవరూ రాయలేదు. గీత గీయడానికి మాకు నాలుగు నిమిషాలు పట్టింది. నేను పీకేసి ఎక్కించిన ఏజెంట్లకు ఆ గొడవతో ఏ సంబంధమూ లేదు. కందకు లేని దురద కత్తిపీటకు పుట్టించాను.

ఇదే కళ్లతో మనుషుల వైపు చూడండి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అనే మాట తప్పులు మాత్రమే రాసే లాగ్. అందులో సమయం లేదు, ముందేం జరిగిందో లేదు, బాగున్న రోజు ఎలా ఉంటుందో లేదు. మీ టీములో ఒకరు రిపోర్టు ఆలస్యంగా ఇస్తున్నారనుకుందాం. ఒక్క వారం, ఒక్క రిపోర్టు తీసుకోండి. డేటా అతనికి ఎన్నింటికి చేరింది, అతను ఎన్నింటికి మొదలుపెట్టాడు, మధ్యలో ఎవరికోసం ఆగాడు, రాసుకోండి. అతనికి చెప్పే రాయండి, చాటుగా కాదు. చాలాసార్లు ఖాళీ జాబితా ఇంకెక్కడో బయటపడుతుంది. ఇంట్లో పొద్దున పిల్లల బస్సు రోజూ తప్పుతోందా? అరుపులు ఆపి మూడు రోజులు గోడమీద సమయాలు రాయండి. మా ఇంట్లో రాశాం. తేలిందేమిటంటే, పిల్లలు లేవడం కాదు సమస్య, ఇస్త్రీ చెయ్యని యూనిఫాం. ఇస్త్రీ నా వంతు.

వివరంగా రాయించడంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. సమస్తం రాయమంటే సమస్తం రాస్తుంది. ఉద్యోగి పేరు, మెయిలు, మెషీన్ పేరు, అతను తెరిచిన చిరునామాలు, ఒక్కోసారి టోకెన్లు, ఖర్మకాలితే పాస్‌వర్డులు. 2018 మే 3న ట్విట్టర్ తన 33 కోట్ల మంది వాడుకరులకు పాస్‌వర్డు మార్చుకోమని చెప్పింది. పాస్‌వర్డును గుర్తుపట్టలేని రూపంలోకి మార్చడం పూర్తికాకముందే ఒక లోపం వల్ల అది లోపలి లాగ్‌లో ఉన్నదున్నట్టు రాయబడింది. ఎవరూ దొంగిలించిన ఆనవాలు లేదన్నారు, కానీ 33 కోట్ల మందికి చెప్పుకోవాల్సి వచ్చింది. 2021 డిసెంబరులో లాగ్4జే సంగతి ఇంకా విడ్డూరం. అది లాగులు రాసిపెట్టే పనిముట్టు. తనకు రాయమని ఇచ్చిన మాటను రాసి ఊరుకోకుండా దాన్ని ఆజ్ఞగా తీసుకునేది. ఆ లోపానికి తీవ్రత పదికి పది వేశారు. చిట్టా రాసేవాడే తలుపు తీశాడన్నమాట.

అందుకని వెండరుకు లాగ్ పంపే ముందు మీరు చదవండి. అక్కర్లేని పేర్లు కొట్టేయండి. ఆ గంట ముక్క మాత్రమే పంపండి, మొత్తం ఫోల్డరును జిప్ చేసి విసిరేయకండి. వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకండి. మ్యాక్‌లో 2016లో వచ్చిన లాగింగ్ పద్ధతి చాలా వివరాల మీద ‘ప్రైవేట్’ అని ముసుగేస్తుంది. చికాకు పెడుతుంది, నిజమే, కానీ అలా ముసుగేసినవాళ్లను తిట్టుకోకండి. ఉద్యోగి ఫోన్‌లో వివరం పెంచుతుంటే అతనికి ముందే చెప్పండి: ఎందుకు పెంచుతున్నాం, ఎంతసేపు, ఏం కనిపిస్తుంది. ఇది మర్యాద, పనికీ లాభమే. నమ్మకం కుదిరిన ఉద్యోగి “ఆ రోజు నేను హోటల్ వైఫైలో ఉన్నానండీ” అని తనంతట తాను చెబుతాడు. ఆ ఒక్క ముక్క ఏ లాగ్‌లోనూ అంత తేటగా ఉండదు.

ఇక ఆపడం. మామూలు లాగులను దాచడం వేరు సంగతి. సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సంస్థలు లాగులను 180 రోజులు దాచాల్సిందే, భద్రతా సంఘటన తెలిసిన 6 గంటల్లోపు చెప్పాల్సిందే. నేను ఆపమంటున్నది మీరు పెంచిన ఆ వివరాన్ని. అది పెట్టినచోటే ఉంటే డిస్కు నిండుతుంది, మెషీన్ నెమ్మదిస్తుంది, కావాల్సిన పాత లైన్లు పనికిరాని కొత్త లైన్ల కింద చెరిగిపోతాయి. కొందరు మనుషులు ఇలాగే బతుకుతారు. పన్నెండేళ్ల కిందటి పెళ్లిలో ఏ వరసలో ఎవరిని కూర్చోబెట్టారో, గారె ఎవరికి ముందు వడ్డించారో సెకన్లతో సహా చెబుతారు. ఏ ప్రశ్నకు జవాబు కోసం అంత రాసిపెట్టారో వాళ్లకూ గుర్తుండదు. మీట వేసేటప్పుడే తీసే సమయం క్యాలెండర్లో పెట్టండి. టికెట్లో ‘పరిష్కారమైంది’ అని రాసే ముందు ‘లాగ్ స్థాయి మామూలుకు తెచ్చాను’ అన్న వాక్యం ఉండాలి. అది లేకుండా మూసిన టికెట్టును మా లీడ్ తిప్పి పంపేవారు.

నాదీ తిప్పి పంపారు. గీత గీసిన తెల్లారి నలభై ల్యాప్‌టాపులూ అప్‌డేట్ దింపుకున్నాయి. నేను గర్వంగా టికెట్టు మూసి ఇంటికి బయల్దేరబోతుంటే ఆవిడ పిలిచారు.

“వివరం ఎన్ని మెషీన్లలో పెంచావు?”

ఒక్కటి చాలని ఆవిడ చెప్పకముందే నేను స్క్రిప్టు రాసి అన్నిట్లో పెంచేశాను. “నలభై మేడమ్.”

“ఎన్నిట్లో ఆపావు?”

బ్యాగు దించి మళ్లీ కూర్చున్నాను. ఎనిమిదిన్నరకల్లా ముప్పై తొమ్మిది ఆపాను. నలభయ్యోదాని యజమాని ల్యాప్‌టాపు మూసేసి సెలవు మీద వెళ్లాడు. మూడు వారాల తర్వాత అతను తిరిగొచ్చి మూత తెరిచిన క్షణం నుంచి అది ప్రతి చీమ చిటుక్కునూ రాయడం మొదలుపెట్టింది. ఆ మూడు వారాలూ ఆ టికెట్టు నా పేరు మీద తెరిచే ఉంది.